చట్టం మన ఊరికి నోటీసుగానే ఎందుకొస్తుంది?

(గాజువాకలో జరిగిన రైతు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం పేరు కొంచెం బరువుగా ఉంది: 'చట్టం, ఉదారవాదం, గ్రామం'. ఉదారవాదం అంటే భయపడాల్సిందేమీ లేదు. మనిషికి స్వేచ్ఛ ఉండాలి. అతని ఆస్తిని ఎవరూ అన్యాయంగా లాక్కోకూడదు. చట్టం ముందు జమీందారూ, పాలేరూ సమానమే. ప్రభుత్వం కూడా చట్టానికి లోబడే నడవాలి. ఇంతే దాని సారం. ఈ మాటల్లో మనం కాదనేది ఒక్కటీ లేదు. మన రాజ్యాంగం కూడా ఇవే చెప్పింది.

మరి చిక్కెక్కడ? ఈ చట్టం మన ఊళ్లోకి ఎప్పుడొస్తుందో గుర్తు చేసుకోండి. పంట మునిగినప్పుడు రాదు. గిట్టుబాటు ధర రానప్పుడు రాదు. భూమి కావలసివచ్చినప్పుడు మాత్రం వస్తుంది, అదీ నోటీసు రూపంలో. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించిన కాగితంగా, పేపర్లో ఎక్కడో లోపలి పేజీలో చిన్న అక్షరాల ప్రకటనగా వస్తుంది. మనం దాన్ని చదివి అర్థం చేసుకునేసరికి గడువు అయిపోతుంది. పట్నంలో ఉండేవాడికి చట్టమంటే తన హక్కు. పల్లెలో ఉండేవాడికి చట్టమంటే తన పేరు తప్పుగా రాసిన కాగితం. ఈ తేడా ఎలా వచ్చిందో, దాన్ని మనం ఏం చేయాలో ఈరోజు మాట్లాడుకుందాం. చట్టంలోని నాలుగు మాటలు పట్టుకుని చెబుతాను.

ముందు కొంచెం చరిత్ర

మన ఉత్తర సర్కారు జిల్లాలకు 'ఆస్తి హక్కు' అనే చట్టం మొదట వచ్చింది 1802లో, శాశ్వత పైసలా రూపంలో. అంతకు పదేళ్లలోపే బెంగాల్లో పెట్టిన పద్ధతి అది. ఆస్తి హక్కు వచ్చింది గాని, దున్నేవాడికి రాలేదు. కంపెనీకి పేష్కషు కట్టే జమీందారుకు వచ్చింది. అంటే ఆస్తి పవిత్రం అన్న సిద్ధాంతం మన ఊళ్లలో అడుగు పెట్టింది మన పొలానికి ఇంకొకడిని యజమానిని చేస్తూనే. ఆ తర్వాత వందేళ్లకు, 1908లో ఎస్టేటు భూముల చట్టం రైతుకు సాగు హక్కును కొంత గుర్తించింది. అప్పటికీ అడవి, చెరువు, బంజరు జమీందారు గుప్పిట్లోనే ఉండిపోయాయి. 1940 ఏప్రిల్ 1న మందసలో అడవి కట్టెల కోసం జరిగిన పోరాటంలో పోలీసు కాల్పులకు వీర గున్నమ్మ, మరికొందరు రైతులు బలయ్యారు. చట్టం లెక్కలో వాళ్లు జమీందారు ఆస్తిలోకి చొరబడినవాళ్లు. ఊరి లెక్కలో తాతల నాటి నుంచి కట్టెలు తెచ్చుకునే కొండకు వెళ్లినవాళ్లు.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. తెల్లవాడి చట్టాలన్నీ పోయాయని అనుకున్నాం. కాని రాజ్యాంగంలోనే 372వ అధికరణం ఉంది. అప్పటిదాకా అమల్లో ఉన్న చట్టాలు రద్దయ్యేదాకా, మార్చేదాకా కొనసాగుతాయని అది చెప్పింది. అలా 1894 భూసేకరణ చట్టం మనతోపాటే స్వాతంత్ర్యంలోకి నడిచివచ్చి, 2013 డిసెంబరు 31 వరకు బతికింది. తెల్లదొర రాసిన చట్టంతో మన ప్రభుత్వం అరవై ఏళ్లకు పైగా మన భూములు తీసుకుంది.

ఇంకో సంగతి. జమీందార్లు కోర్టులకెక్కి భూసంస్కరణలను అడ్డుకుంటున్నారని 1951లో, 1955లో రాజ్యాంగానికి సవరణలు చేశారు. పరిహారం చాలలేదన్న కారణంతో చట్టాన్ని సవాలు చేయకుండా చేశారు. ఆ రోజు అది న్యాయమే. మనమూ సమర్థించాం. కాని జమీందారు మీదికి ఎత్తిన కత్తి జమీందారు పోయాక ఒరలోకి వెళ్లలేదు. అది రెండెకరాల రైతు మీదికి తిరిగింది. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితా నుంచే పోయింది. చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదనే 300ఏ అధికరణం మిగిలింది. అయితే ఒక్క మంచి వాక్యం ఇంకా ఉంది. 1964లో 17వ సవరణ ద్వారా 31ఏ అధికరణంలో చేర్చారు. సీలింగు పరిమితిలోపు ఉండి, స్వయంగా సాగు చేసుకునే భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ విలువకు తక్కువ కాకుండా ఇవ్వాలని అది చెబుతోంది. మన కార్యకర్తలు గుర్తుంచుకోవలసిన వాక్యమది.

మొదటి మాట: పోరంబోకు

ఈ మాట మన నోట ఇప్పుడు తిట్టు అయిపోయింది. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి పోరంబోకు అంటాం. అసలు అది రెవెన్యూ లెక్కలోని మాట. శిస్తు కట్టని భూమి అని అర్థం. పశువులు మేసే బీడు, చెరువు గర్భం, శ్మశానం, ఊరి బాట, ఇవన్నీ పోరంబోకే. ఊరు ఊరంతా వాడుకునే భూమికి సర్కారు పెట్టిన పేరు చివరికి తిట్టుగా మిగిలిందంటే, ఆ భూమిని ప్రభుత్వం ఏ కంటితో చూసిందో తెలుస్తుంది. శిస్తు రాదు కాబట్టి పనికిరానిది. పనికిరానిది కాబట్టి ఎవరికైనా ఇచ్చేయొచ్చు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల భూములు చూడండి. ఏడాది పొడవునా నీరుండే చిత్తడి నేల. చేపలు, తుంగ, మేత, చుట్టుపక్కల పొలాలకు తడి, అన్నీ అక్కడి నుంచే. థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించేటప్పుడు మాత్రం కాగితాల్లో అది ఎందుకూ పనికిరాని భూమి. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో రైతుల ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేలేనని చట్టం ఒప్పుకుంది. ఊరి జనం మొదటి నుంచీ చెబుతున్న మాటే అది. కాగితం మీద ఒక్క మాట సరిదిద్దడానికి ప్రాణాలు పోవలసివచ్చింది.

డి-పట్టాల సంగతీ ఇంతే. పేదలకు పంచిన అసైన్డ్ భూమి అమ్ముడుపోకుండా 1977లో చట్టం చేశారు. పేదవాడి చేతి నుంచి భూమి జారిపోకుండా కాపాడడం దాని ఉద్దేశం. కాని ప్రాజెక్టు వచ్చినప్పుడు అధికారులు ఏమన్నారు? 'ఇది సర్కారు భూమే, మేమిచ్చాం, మేమే తీసుకుంటాం' అన్నారు. కంచే చేను మేసినట్టయింది. చివరికి 2004లో మేకల పాండు కేసులో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది. అసైన్డ్ రైతుకు కూడా పట్టా రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఈ తీర్పు పేరు మన ప్రతి మండల కమిటీకి తెలిసి ఉండాలి.

రెండో మాట: ప్రజాప్రయోజనం

ఇక్కడికి దగ్గర్లోనే కూర్మన్నపాలెం గేటు ఉంది. ఆ గోడ లోపల ఏముందో ఈ సభలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. 1966లో 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా లేచింది. అమృతరావుగారు నిరాహార దీక్ష చేశారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలిచ్చారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. 1971 జనవరి 20న బాలచెరువు దగ్గర శంకుస్థాపన చేశారు. 60కి పైగా గ్రామాలు, 20 వేల ఎకరాలకు పైగా భూమి, సుమారు 16 వేల కుటుంబాలు. ఇదీ ఫ్యాక్టరీ కోసం మనవాళ్లిచ్చింది. ఫ్యాక్టరీని 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేశారు.

ఆ భూమి తీసుకున్న 1894 చట్టం ఏం చెప్పేదో వినండి. ఆరో సెక్షన్ కింద ప్రభుత్వం 'ఇది ప్రజాప్రయోజనం' అని ప్రకటిస్తే, ఆ ప్రకటనే తిరుగులేని సాక్ష్యం. ప్రజలను అడగనక్కర్లేదు. 24వ సెక్షన్ ఇంకా విచిత్రం. నీ భూమిలో కట్టబోయే ప్రాజెక్టు వల్ల ఆ భూమికి పెరిగే విలువను పరిహారంలో లెక్క వేయకూడదు. అంటే లెక్కంతా నిన్నటి విలువతోనే. రేపటి విలువలో నీకు వాటా లేదు. గాజువాకలో ఈరోజు సెంటు భూమి ధర తెలిసినవాళ్లకు దీని అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇంకో పెద్ద లోటు ఉంది. ఆ చట్టానికి కనిపించేది కాగితం ఉన్న మనిషి ఒక్కడే. పట్టాదారుకు డబ్బు ఇచ్చింది. అదే పొలంలో కౌలు చేసినవాడు, కూలికి వెళ్లినవాడు, ఊరికి చాకిరీ చేసి గింజలు పుచ్చుకున్నవాడు ఆ చట్టానికి కనిపించలేదు. అందుకే ఆర్ కార్డులు వచ్చాయి. భూమికి బదులు ఉద్యోగం అన్న నమ్మకం వచ్చింది. వేలమంది ఆ కార్డులు దాచుకుని ఎదురుచూశారు. ఎదురుచూస్తూనే ఉద్యోగ వయసు దాటిపోయారు.

కోర్టుకు వెళితే? మనలాంటి ఇంకో ఉక్కు పట్నం రూర్కెలా. అక్కడి నిర్వాసితులు వేసిన కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పింది ఇది: పరిహారం చెల్లించాక ఉద్యోగం ఇచ్చి తీరాలని రాజ్యాంగం ప్రకారం అడిగే హక్కు లేదు. చట్టం ముందు అందరూ సమానమే కదా! తరతరాల భూమి ఇచ్చినవాడూ, ఏమీ ఇవ్వనివాడూ ఆ ఉద్యోగం కోసం ఒకే వరుసలో నిలబడాలి. అసమానులను ఒకే కొలతతో కొలిస్తే వచ్చే సమానత్వం ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఈ కర్మాగారంలో ప్రభుత్వ వాటాను నూటికి నూరు శాతం అమ్మేయాలని నిర్ణయించింది. సొంత గనులు లేకుండా దశాబ్దాలు నడిపించి, నష్టాలొచ్చాయి కాబట్టి అమ్ముతామన్నారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. అమ్మకం నిర్ణయాన్ని శాశ్వతంగా రద్దు చేశామని రాసివ్వాలన్నదే కార్మికుల డిమాండ్, మన డిమాండ్. మనకు దీంతో ఏం సంబంధం అంటారా? మన భూమి తీసుకున్నది ప్రజాప్రయోజనం పేరు మీద. ఆ ప్రయోజనమే మారిపోతే భూమి సంగతేమిటి? పాత చట్టం ప్రకారం స్వాధీనం చేసుకున్న భూమి ఏ భారమూ లేకుండా ప్రభుత్వపరం అవుతుంది. ఇచ్చినవాడికి ఇక మాట లేదు. అందుకే ఉక్కు కార్మికుడి పోరాటం, నిర్వాసిత రైతు పోరాటం వేరు కావు. ప్రజాప్రయోజనం అనే మాటకు అర్థం చెప్పే అధికారం ఎవరిది అన్నదే రెండింటి ప్రశ్నా.

మూడో మాట: స్వేచ్ఛ

ఉదారవాదానికి ఇష్టమైన మాట ఇది. 2020లో మూడు సాగు చట్టాలు తెచ్చినప్పుడు చెప్పింది కూడా ఇదే: రైతుకు స్వేచ్ఛ ఇస్తున్నాం, ఎక్కడైనా అమ్ముకో, ఎవరితోనైనా ఒప్పందం చేసుకో. వినడానికి బాగానే ఉంది. కాని అదే చట్టాల్లో లోపల ఇంకో సెక్షన్ ఉంది. వ్యాపారితో, కంపెనీతో తగాదా వస్తే సివిల్ కోర్టుకు వెళ్లకూడదు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలి. ఒప్పందానికి స్వేచ్ఛ ఇచ్చి, కోర్టు తలుపు మూశారు. రైతు ఒకవైపు, కంపెనీ ఒకవైపు కూర్చుని 'స్వేచ్ఛగా' ఒప్పందం చేసుకుంటే ఎవరి స్వేచ్ఛ గెలుస్తుందో మనకు తెలుసు. దాదాపు ఏడాది పాటు ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చున్నాక 2021 నవంబరు 19న వాటిని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు.

మన రాష్ట్రంలో భూ యాజమాన్య హక్కు చట్టం సంగతి కూడా అలాగే. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చారు. భూమికి తిరుగులేని హక్కు పత్రం ఇస్తామన్నారు. ఆ హక్కును తేల్చేది మాత్రం అధికారి, అప్పీలు కూడా అధికారికే, ఆపైన హైకోర్టు. మధ్యలో ఉన్న సివిల్ కోర్టును తీసేశారు. రెవెన్యూ రికార్డుల్లో ఒకరి సర్వే నంబరు ఇంకొకరి పేరున ఎక్కడం, రాత్రికి రాత్రి భూమి నిషేధిత జాబితాలోకి పోవడం చూస్తున్న మనకు ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. న్యాయవాదులు రోడ్డెక్కారు. ప్రభుత్వం మారాక 2024లో రద్దయింది. మళ్లీ ఇంకో పేరుతో రాదని నమ్మి నిద్రపోకూడదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. కెన్యాలో బ్రిటిష్ వాళ్లు 1915లో చేసిన చట్టం అక్కడి ఆఫ్రికా రైతుల్ని వాళ్ల సొంత నేల మీదే సర్కారు దయతో ఉండే కౌలుదార్లను చేసింది. మెక్సికోలో విప్లవం తర్వాత ఊరుమ్మడి భూములకు 1917 రాజ్యాంగంలో రక్షణ ఇచ్చారు. 1992లో స్వేచ్ఛా మార్కెట్ పేరున ఆ రక్షణను సడలించారు. వలస నుంచి బయటపడిన దేశాల్లో రైతుకు చట్టం రెండుసార్లు ఎదురైంది. మొదట తెల్లవాడి పేరున, తర్వాత అభివృద్ధి పేరున.

నాలుగో మాట: వ్యక్తి

ఇంతవరకు విన్నాక 'అయితే చట్టంతో మనకు పనేముంది, కోర్టులతో ఒరిగేదేముంది' అని మీరు అనుకుంటే, నేను చెప్పింది తప్పుగా అర్థమైనట్టే. ఈ నాలుగో మాట అందుకే.

మన అనంతగిరి మండలం, బొర్రా గుహల చుట్టుపక్కల గిరిజన గ్రామాలు. 1990ల్లో అక్కడి గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చారు. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన ప్రకారం ఏజెన్సీలో ఏ 'వ్యక్తి' కూడా గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదు. ప్రభుత్వం వాదన ఏమిటంటే, ఆ నిషేధం మనుషులకే గాని ప్రభుత్వానికి కాదు, సర్కారు భూమిని మేం ఎవరికైనా ఇచ్చుకుంటాం. సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో ఓడిపోయింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది: 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదు. ఒక్క మాటకు అర్థం మారితే కొండలు నిలబడ్డాయి.

అదే ఒక్క మాట మనకు వ్యతిరేకంగానూ తిరగవచ్చు. 2013 భూసేకరణ చట్టం 24వ సెక్షన్లో ఒక మేలు ఉంది. పాత చట్టం కింద అవార్డు ఇచ్చి అయిదేళ్లు దాటినా, భూమి స్వాధీనం కాకపోయినా 'లేదా' పరిహారం చెల్లించకపోయినా ఆ సేకరణ రద్దవుతుంది. 2020 మార్చిలో ఇండోర్ అభివృద్ధి సంస్థ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ 'లేదా'ను 'మరియు'గా చదవాలంది. అంటే రెండూ జరగకపోతేనే రద్దు. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. చదివే తీరు మారింది. ఎన్నో కేసుల్లో రైతుల ఆశ పోయింది.

అయినా ఆ 2013 చట్టం మనం ఊరికే పొందింది కాదు. సింగూరు, నందిగ్రామ్, సోంపేట, కాకరాపల్లి రైతులు ఇచ్చిన ప్రాణాల నుంచి వచ్చింది. పాత చట్టానికి కనిపించని మనుషులు ఇందులో కనిపించారు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే బతికిన కౌలుదారు, కూలీ, చేతివృత్తివాడు కూడా బాధిత కుటుంబమే. అందుకే రాష్ట్రాలు దానికి తూట్లు పొడుస్తున్నాయి. 2018లో మన రాష్ట్రం కూడా కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చుకునేలా సవరించుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టుంది.

మనం ఏం చేయాలి?

'కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు' అని పెద్దల సామెత. నిజమే. ఒంటరిగా వెళ్లినవాడి కథ అది. సంఘంగా వెళ్లినవాళ్ల కథ వేరు. సమత గెలిచింది బొర్రా గ్రామాల జనం కదిలారు కాబట్టి. సోంపేట గెలిచింది బీలలో జనం నిలబడ్డారు కాబట్టి. బయట ఉద్యమం ఉంటేనే లోపల వకీలు మాటకు బరువు.

ఈ తరగతి నుంచి వెళ్లేటప్పుడు కొన్ని పనులు పట్టుకెళ్లండి.

ఒకటి, ప్రతి ఊళ్లో పట్టాదారు, డి-పట్టాదారు, కౌలుదారు, కూలీ కుటుంబాల జాబితా సంఘమే రాసి పెట్టాలి. అడంగల్, 1బి నకళ్లు ముందే తీసి పెట్టాలి. నిషేధిత జాబితాలో మన సర్వే నంబర్లు ఉన్నాయేమో చూడాలి. నోటీసు వచ్చాక వెతుక్కుంటే ఆలస్యమే.

రెండు, 2013 చట్టం 15వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోగా అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. విచారణలో మన మాట వినమని అడగాలి. నోటితో చెప్పినది ఏ ఫైల్లోనూ ఉండదు.

మూడు, పరిహారం చాలదనుకుంటే డబ్బు తీసుకునేటప్పుడు 'ఆక్షేపణతో తీసుకుంటున్నాను' అని తప్పక రాయాలి. ఆ ముక్క రాయకుండా తీసుకుంటే ఎక్కువ అడిగే హక్కు పోతుంది. అవార్డు ఇచ్చినప్పుడు మనం హాజరై ఉంటే 64వ సెక్షన్ దరఖాస్తుకు గడువు ఆరు వారాలే.

నాలుగు, పక్క రైతుకు అథారిటీ ఎక్కువ పరిహారం ఇస్తే, అదే నోటిఫికేషన్ కింద భూమి పోయి దరఖాస్తు పెట్టుకోలేకపోయినవాళ్లు కూడా 73వ సెక్షన్ కింద మూడు నెలల్లోగా అడగవచ్చు. ఒకరి గెలుపు ఊరందరి గెలుపు కావాలంటే ఆ తీర్పు సంగతి ఊరందరికీ తెలియాలి. అది చెప్పాల్సింది మనమే.

అయిదు, కౌలుదారును, కూలీని పక్కన పెట్టి పట్టాదారు ఒక్కడి కోసమే బేరమాడే పోరాటం చేయవద్దు. చట్టం చేసిన తప్పును సంఘం చేయకూడదు.

మిత్రులారా, చట్టం దేవుడు కాదు, దెయ్యమూ కాదు. అది నాగలి లాంటిది. ఎవరి చేతిలో ఉంటే వాళ్ల చాలే దున్నుతుంది. రెండు వందల ఏళ్లుగా మేడి వేరేవాళ్ల చేతిలో ఉంది. 1940లో మందసలో, 1966లో విశాఖలో, 2010లో సోంపేటలో జనం దాని మీద చెయ్యి వేశారు. వేసిన ప్రతిసారీ చాలు కొంచెమైనా మనవైపు తిరిగింది. ఆ చెయ్యి తీయకుండా ఉంచడమే మన పని. ఈసారి ఊళ్లో నోటీసు అంటిస్తే, దాని ముందు నిలబడి గట్టిగా చదివి వినిపించే మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరు ఉండాలి. ఆ మనిషి మీలో నుంచే రావాలి.